డిష్ ఉంచాలా, నెట్ ఒక్కటే చాలా? హెచ్‌డీ చానళ్లు, బ్రాడ్‌బ్యాండ్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్లికి వెళ్లినా, అపార్ట్‌మెంట్ మీటింగులో కూర్చున్నా ఎవరో ఒకరు నన్ను పక్కకి పిలిచి ఇదే అడుగుతారు: "డిష్ తీసేద్దామా, ఉంచుదామా? హెచ్‌డీకి ఇంత, నెట్‌కి అంత, రెండూ కట్టడం దండగేమో!" నేను ఏ కంపెనీ మనిషినీ కాను. మా మేడ మీద డిష్ ఉంది, హాల్లో ఫైబర్ రూటర్ ఉంది, రెండింటితోనూ కుస్తీ పట్టాను, అంతే. ఫోన్లో చెప్పిందే చెప్పి విసుగొచ్చి ఇక్కడ రాసి పెడుతున్నాను. వరసగా చదవక్కర్లేదు, మీ సందేహం ఎక్కడుందో అక్కడికి వెళ్లిపోండి.

## నిర్ణయించుకునే ముందు

ఇంట్లో ఫైబర్ ఉంది, స్మార్ట్ టీవీ ఉంది. ఇంకా డిష్ ఎందుకండీ?

టీవీ ఎవరు చూస్తారన్నదాన్ని బట్టి. పొద్దున భక్తి చానల్, మధ్యాహ్నం వార్తలు, సాయంత్రం ఏడింటి నుంచి వరసగా సీరియళ్లు, రిమోట్‌లో నంబరు నొక్కగానే వచ్చేయాలి అనుకునే పెద్దవాళ్లుంటే డిష్ ఉంచండి. వాళ్ల చేతికి స్మార్ట్ టీవీ రిమోట్ ఇచ్చి "యాప్ తెరిచి, ప్రొఫైల్ నొక్కి, లైవ్‌లోకి వెళ్లు" అని చెప్తే వాళ్లకీ ప్రశాంతత ఉండదు, మీకూ ఉండదు. ఇంట్లో అందరూ సినిమాలు, వెబ్ సిరీస్‌లు తమకి తీరిక దొరికినప్పుడు చూసేవాళ్లే అయితే డిష్‌కి కట్టే డబ్బు దాదాపు వృథా. చాలా ఇళ్లు ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి. వాళ్లకి నేను చెప్పేది: డిష్‌లో చిన్న ప్యాక్, నెట్‌లో మంచి ప్లాన్. ఒకే సీరియల్‌కి డిష్‌లో హెచ్‌డీ డబ్బులూ, ఓటీటీలో చందా డబ్బులూ రెండు చోట్లా కట్టకండి. నేను చూసిన ఇళ్లలో ఎక్కువ డబ్బు పోయేది అక్కడే.

డిష్ కంపెనీలన్నీ పడిపోతున్నాయంట కదా, ఇప్పుడు కొత్తగా పెట్టించుకోవడం తెలివితక్కువా?

తగ్గడం నిజమే. టెలికాం, టీవీ సేవల నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్కల్లో డబ్బు కట్టి చూసే డీటీహెచ్ (అంటే మన డిష్) కనెక్షన్లు 2020 చివరికి సుమారు 7 కోట్లు, 2025కి వచ్చేసరికి 6 కోట్ల లోపు. అయినా ఇంకా కోట్ల ఇళ్లలో ఉంది కాబట్టి రేపో ఎల్లుండో ఆగిపోయేది కాదు. శాటిలైట్ అనేది ఒకసారి పైకి పంపితే పదిహేనేళ్ల దాకా పనిచేసే సరుకు. డిష్ కంపెనీ టాటా ప్లే కోసం మొత్తంగా అద్దెకిచ్చిన జీశాట్-24 శాటిలైట్ ఎగిరిందే 2022 జూన్‌లో. కాబట్టి పెట్టించుకోవచ్చు, కానీ ఒక్కసారే రెండు మూడేళ్ల రీచార్జ్ చేసేయడం మాత్రం నాకు నచ్చదు. ఆరు నెలలది చేసి చూడండి. ఈలోపు మీ వీధిలోకి ఏ తీగ వస్తుందో తెలియదు కదా.

మాది పల్లెటూరు, ఫైబర్ ఇంకా రాలేదు. ఏం చెయ్యాలి?

మీకు డిష్ తప్పదు, సందేహం అక్కర్లేదు. నెట్ కోసం ముందు లోకల్ కేబులాయన్ని అడగండి. ఆంధ్రలో అయితే ఏపీ ఫైబర్‌నెట్ మీ ఊరి దాకా వచ్చిందేమో కనుక్కోండి. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించినప్పుడు నెలకి 149 రూపాయలకి నెట్, టీవీ, ఫోన్ మూడూ అన్నారు, ఇప్పటి ధరలు వేరు, అడిగి తెలుసుకోండి. తీగల్ని కరెంటు స్తంభాల మీదుగా లాగారు కాబట్టి పల్లెల దాకా త్వరగా వెళ్లింది, అదే కారణంగా తుపానుకి స్తంభం పడితే నెట్ కూడా పడుతుంది. తీగ రాని చోట 5జీ టవర్ దగ్గర్లో ఉంటే తీగ లేకుండా గాల్లోంచే ఇంటికి నెట్ ఇచ్చే ఎయిర్‌ఫైబర్ లాంటివి పనిచేస్తాయి. అదీ లేకపోతే ఫోన్ హాట్‌స్పాట్‌తో టీవీ చూడాలని మాత్రం చూడకండి. రోజుకి 2 జీబీ డేటా హెచ్‌డీలో గంటకి అటూ ఇటూగా అయిపోతుంది.

నెలనెలా కట్టక్కర్లేని డిష్ ఒకటుందట, నిజమేనా?

నిజమే, డీడీ ఫ్రీ డిష్. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది. బాక్సు, డిష్ ఒకసారి కొనుక్కుంటే చాలు, తర్వాత రీచార్జ్ అన్న మాటే లేదు. యాదగిరి, సప్తగిరి వస్తాయి. జెమిని, స్టార్ మా, జీ తెలుగు, ఈటీవీ లాంటి పే చానళ్లు రావు, హెచ్‌డీ కోరికలు కూడా పెట్టుకోవద్దు. మామిడి తోటలో కాపలా గదికో, నెట్‌లోనే అన్నీ చూస్తూ వార్తలకి ఏదో ఒకటి ఉంటే చాలనుకునే ఇంటికో బాగుంటుంది.

## అసలు పైన ఏం జరుగుతోంది

మేడ మీద డిష్ ఉండనే ఉంది, దాంట్లోంచే నెట్ ఎందుకు ఇవ్వరు?

మన డిష్ వినడమే తప్ప మాట్లాడలేదు. పైనుంచి పడేదాన్ని పట్టి కిందికి పంపుతుంది, అంతే. నెట్ అంటే మీరు "ఈ పేజీ కావాలి" అని పైకి అడగాలి, దానికి డిష్ దగ్గర ట్రాన్స్‌మిటర్ కావాలి, దానికి లైసెన్సు కావాలి. బ్యాంకు ఏటీఎంల మీద, మారుమూల పెట్రోలు బంకుల మీద కనిపించే కాస్త పెద్ద డిష్‌లు అలాంటివే, వాటిని వీశాట్ అంటారు.

ఇంకో ఇబ్బంది దూరం. టీవీ శాటిలైట్ భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మీ మాట పైకెళ్లి కిందికి రావడానికి పావు సెకను, జవాబు అదే దారిలో రావడానికి ఇంకో పావు సెకను. సినిమా చూడ్డానికి ఇది ఏమీ అడ్డం కాదు. వీడియో కాల్‌లో మాత్రం ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఇద్దరూ ఒకేసారి ఆగిపోయి, "ఆ చెప్పండి, చెప్పండి" అనుకుంటూ ఉంటారు.

హెచ్‌డీ చానళ్లు ఇంకా ఎక్కువ ఎందుకు పెట్టరు? కొన్ని చానళ్లు వేరే కంపెనీలో హెచ్‌డీ వస్తాయి, మా దాంట్లో రావు.

చోటు లేక. శాటిలైట్‌లో ట్రాన్స్‌పాండర్లు అని ఉంటాయి, బస్సులో సీట్ల వరస అనుకోండి. ఒక మామూలు ట్రాన్స్‌పాండర్‌లో ఇప్పటి పద్ధతిలో సుమారు 60 ఎంబీపీఎస్ (సెకనుకి అన్ని మెగాబిట్ల సమాచారం) పడుతుంది. మామూలు చానల్ రెండు ఎంబీపీఎస్ లోపే సర్దుకుంటుంది, హెచ్‌డీ చానల్‌కి ఆరు నుంచి ఎనిమిది కావాలి. అంటే ముప్పై మామూలు చానళ్లు కూర్చునే చోట ఎనిమిదో పదో హెచ్‌డీ చానళ్లు. ఒక్కో హెచ్‌డీ ఎక్కించినప్పుడల్లా ముగ్గురు నలుగురు మామూలు ప్రయాణికుల్ని దించాలి. ఎవర్ని దించినా ఎక్కడో ఒక రాష్ట్రంలో గొడవ. డీటీహెచ్ అంటే దేశమంతటికీ ఒకే బస్సు కదా, మీకు తెలుగు హెచ్‌డీ కావాలి, వాళ్లకి మరాఠీది, బెంగాలీది, క్రికెట్ మాత్రం అందరికీ కావాలి. లోకల్ కేబులాయనకి ఈ తలనొప్పి లేదు, మన జిల్లాకి కావాల్సినవి పెట్టుకుంటే చాలు. కంపెనీలు కొత్త శాటిలైట్ అద్దెకి తీసుకుంటాయి, లేదా సిగ్నల్‌ని ఇంకా నొక్కి చిన్నది చేస్తాయి. ఎక్కువ నొక్కితే ఏమవుతుందో మీకు తెలుసు: హెచ్‌డీ అని పేరు, పరుగెత్తే బంతి వెనకాల చదరాలు చదరాలుగా మచ్చలు.

అంత కష్టపడి శాటిలైట్‌ని టీవీకి వాడే బదులు నెట్‌కే వాడొచ్చు కదా?

ఈ ఒక్కటి అర్థమైతే మిగతావన్నీ తేలిక, అందుకే కాస్త లెక్క చేద్దాం. జీశాట్-24లో 24 ట్రాన్స్‌పాండర్లు ఉన్నాయి. ఒక్కోదానికి 60 చొప్పున మొత్తం 1,440 ఎంబీపీఎస్. దీన్ని టీవీకి వాడితే ఒక్కసారి పంపిన చానల్ శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా, అక్కణ్ణుంచి కశ్మీర్ దాకా ఎన్ని డిష్‌లుంటే అన్నింటికీ అందుతుంది, కోటి మంది చూసినా ఒకరికి తగ్గేదేమీ ఉండదు. అదే 1,440ని నెట్‌కి వాడితే? ఒక్కో ఇంటికి పూర్తిగా 100 ఎంబీపీఎస్ ఇస్తూ పోతే 14 ఇళ్లు. మా అపార్ట్‌మెంట్‌లో మూడు అంతస్తులకి కూడా రాదు! అందరూ ఒకేసారి వాడరు కాబట్టి నిజానికి ఇంకొన్ని ఇళ్లకి పంచొచ్చు, అయినా తేడా ఎక్కడుందో తెలిసిపోయింది కదా. గుడి మైకు అందరికీ వినిపిస్తుంది, ఫోను ఒక్కరికే.

అమెరికాలో ఈ తూకం కళ్ల ముందే జరిగింది. హ్యూస్ కంపెనీ స్పేస్‌వే అని బ్రాడ్‌బ్యాండ్ కోసమే శాటిలైట్లు కట్టించింది. మొదటి రెండూ 2005లో ఎగిరేనాటికి వాటిని మార్చి అక్కడి డిష్ కంపెనీ డైరెక్‌టీవీ హెచ్‌డీ చానళ్లకి కేటాయించేశారు. కేబుల్ వాళ్లతో హెచ్‌డీ పోటీ అంత గట్టిగా ఉంది మరి! మూడోది మాత్రం హ్యూస్ దగ్గరే మిగిలి 2007లో ఎగిరింది, అనుకున్నట్టే బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చింది.

నెట్‌కే అని కట్టే శాటిలైట్ల తీరు వేరు. దేశమంతా ఒకే గొడుగులా కాకుండా చిన్న చిన్న కిరణాలుగా విడగొట్టి, దూరంగా ఉన్న కిరణాల్లో అదే ఫ్రీక్వెన్సీని మళ్లీ వాడతారు. 2018లో ఎగిరిన జీశాట్-11 అలాంటిదే. 2024 నవంబరులో స్పేస్‌ఎక్స్ రాకెట్ మీద వెళ్లిన జీశాట్-ఎన్2 32 కిరణాలతో 48 జీబీపీఎస్, అంటే 48,000 ఎంబీపీఎస్ ఇచ్చేలా కట్టారు. జీశాట్-24తో పోలిస్తే ముప్పై రెట్లు పైనే, కానీ ఒకే చానల్‌ని దేశమంతా చల్లాలంటే మళ్లీ పాత గొడుగే మేలు.

స్టార్‌లింక్ లాంటివి వస్తే డిష్ టీవీ పోయినట్టేనా?

స్టార్‌లింక్ శాటిలైట్లు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తునే తిరుగుతాయి కాబట్టి ఆ అర సెకను ఆలస్యం ఉండదు, వీడియో కాల్ హాయిగా నడుస్తుంది. ఏజెన్సీ గూడేలకి, ఫైబర్ ఎన్నటికీ రాని చోట్లకి అది గొప్ప సంగతే. అయితే అది నెట్ కనెక్షన్, చానళ్లు అందులో ఉండవు, చానళ్ల కోసం యాపో చందానో వేరే చూసుకోవాలి. ఊళ్లో ఫైబర్ ఉన్నవాళ్లు దాని కోసం ఎదురుచూడ్డంలో నాకు అర్థం కనిపించదు.

## ప్యాక్ ఎంచుకునేటప్పుడు

నాలుగు హెచ్‌డీ చానళ్లు కలిపితే బిల్లు ఎందుకంత పెరిగింది?

బిల్లులో రెండు ముక్కలుంటాయి. ఒకటి చానళ్ల ధర, హెచ్‌డీ చానల్ ధర సాధారణంగా అదే చానల్ మామూలు రకం కన్నా ఎక్కువ. రెండోది నెట్‌వర్క్ ఫీజు, అంటే చానల్‌ని మీ ఇంటిదాకా మోసుకొచ్చిన కూలి. 2019 ఫిబ్రవరి 1 నుంచి ట్రాయ్ కొత్త పద్ధతి వచ్చినప్పుడు వంద మామూలు చానళ్లకి ఈ కూలి పన్ను కాకుండా 130 రూపాయలు మించకూడదన్నారు, ఒక హెచ్‌డీ చానల్‌ని రెండు మామూలు చానళ్లుగా లెక్కపెట్టాలన్నారు. తర్వాత అదే 130కి 200 చానళ్లు చేశారు. 2024 జులైలో ఆ గరిష్ఠ పరిమితినే తీసేశారు, కాబట్టి ఇప్పుడు ఒక్కో కంపెనీ ఒక్కోలా వేస్తుంది. దీని మీద 18 శాతం జీఎస్‌టీ.

అసలు దొంగ ఇంకొకడున్నాడు: జంట చానళ్లు. మీకు మామూలు చానళ్ల బొకే (చానళ్లన్నీ కట్టగా ఇచ్చే ప్యాక్) ఒకటి ఎప్పటినుంచో ఉంటుంది, దాని మీద జెమిని హెచ్‌డీ విడిగా కలుపుతారు, ఇప్పుడు జెమిని రెండు రకాలుగా వస్తుంది, రెండింటికీ కడుతున్నారు. ఒకే బొకేలో ఒక చానల్ రెండు రకాలూ పెట్టకూడదని నిబంధన ఉంది గానీ, బొకే ఒకటీ విడి చానల్ ఒకటీ తీసుకుంటే ఆపేవాడు లేడు. కంపెనీ యాప్‌లోకి వెళ్లి మీ చానళ్ల జాబితా తెరిచి పేరు పేరునా చూడండి. మా బావగారి లిస్టులో ఇలాంటివి ఏడు దొరికాయి.

ఏ చానళ్లు హెచ్‌డీలో తీసుకోవాలి, ఏవి అక్కర్లేదు?

ఆటలు మొదట. క్రికెట్‌లో తేడా ఎవరికైనా తెలుస్తుంది. తర్వాత ఇంట్లో ఎక్కువగా నడిచే ఒకటో రెండో తెలుగు వినోద చానళ్లు, స్టార్ మా, జీ తెలుగు, ఈటీవీ, జెమిని నాలుగింటికీ హెచ్‌డీ ఉంది, నాలుగూ తీసుకోవాలని రూలేం లేదు. వార్తలకి అస్సలు వద్దు, తెర నిండా అక్షరాలూ పెట్టెలూ, మూలన నలుగురు అరుచుకుంటూ ఉంటారు, అది హెచ్‌డీలో చూస్తే ఏంటి, చూడకపోతే ఏంటి. టీవీ 32 అంగుళాల లోపుండి మీరు పది అడుగుల దూరంలో కూర్చుంటే అసలు హెచ్‌డీ మీద ఖర్చు గురించే మళ్లీ ఆలోచించండి.

టీవీ నెట్‌లోనే చూద్దామనుకుంటున్నాం. ఎంత స్పీడు తీసుకోవాలి?

ఒక టీవీలో హెచ్‌డీకి ఐదారు ఎంబీపీఎస్, 4కేకి 15 నుంచి పాతిక చాలు. రెండు టీవీలు, రెండు ఫోన్లు, ఒకరు ఇంటి నుంచి ఆఫీసు పని, ఈ ఇంటికి 50 సరిపోతుంది, 100 అయితే ధీమా. "300 తీసుకోండి సార్, బఫరింగ్ ఉండదు" అంటే నమ్మకండి. బఫరింగ్‌కి కారణం చాలాసార్లు ఇంట్లో వైఫై. డేటా అయితే గంట హెచ్‌డీకి రెండు మూడు జీబీ, రోజుకి ఐదు గంటలు చూసినా నెలకి 450 జీబీ దాటదు. పేరున్న ఫైబర్ ప్లాన్లలో పరిమితి వేల జీబీల్లో ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు.

నెట్ కంపెనీయే టీవీ చానళ్లు కూడా ఇస్తానంటోంది. డిష్ లేకుండా. తీసుకోవచ్చా?

దాన్ని ఐపీటీవీ అంటారు. ఎయిర్‌టెల్ 2025 మార్చిలో రెండు వేల ఊళ్లలో మొదలుపెట్టింది, ఇంకా లోకల్ వాళ్లూ ఇస్తున్నారు. ఇది యూట్యూబ్ లాంటిది కాదు. బాగా కట్టిన ఐపీటీవీలో ఒక చానల్‌ని కంపెనీ తన తీగల్లో ఒక్కసారే పంపి, చూసే ఇళ్ల దగ్గర చీలుస్తుంది, శాటిలైట్ చేసే పనే తీగ మీద చేస్తుందన్నమాట. వానకి పోదు, రిమోట్ మామూలుగానే ఉంటుంది, మేడ ఎక్కే పని లేదు. ఫైబర్ నిలకడగా ఉన్న చోట నా ఓటు దీనికే. ఒకటే చిక్కు, తీగ తెగితే టీవీ, నెట్, కొందరికి ల్యాండ్‌లైన్ కూడా ఒకేసారి పోతాయి. మా వీధిలో డ్రైనేజీ పనులు నడిచిన రెండు నెలల్లో నాలుగుసార్లు అలా పోయింది, నాలుగుసార్లూ ఇంట్లో నన్నే తిట్టారు.

## బిగించిన రోజు

హెచ్‌డీ ప్యాక్ వేయించాను, బొమ్మలో తేడానే లేదు. మోసమా?

మోసం అయ్యుండకపోవచ్చు. ముందు టీవీ వెనక చూడండి. ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల వైరు ఉంటే దాంట్లో హెచ్‌డీ రాదు, హెచ్‌డీఎంఐ తీగ కావాలి. అదీ ఉంటే బాక్స్ సెట్టింగుల్లో చూడండి, బయటికి పంపేది 576 అని ఉంటే 1080కి మార్చండి. ఆ తర్వాత చానల్ నంబరు. హెచ్‌డీ చానల్‌కి వేరే నంబరు ఉంటుంది, మనం అలవాటు కొద్దీ పాత నంబరే నొక్కుతూ నెలకి డబ్బు మాత్రం కొత్తదానికి కడుతూ ఉంటాం. నవ్వకండి, మా ఇంట్లో ఐదు నెలలు ఇలాగే జరిగింది. ఇవన్నీ సరిగ్గా ఉన్నా బొమ్మ మారకపోతే అప్పుడు బాక్సే పాత రకం అయ్యుంటుంది.

డిష్ ఎటువైపు తిప్పాలి? ఎదురుగా కొబ్బరి చెట్టుంది, పర్లేదా?

తెలుగు రాష్ట్రాల నుంచి టీవీ శాటిలైట్లన్నీ దక్షిణం వైపు ఆకాశంలో ఉంటాయి, కంపెనీని బట్టి కాస్తో ఎక్కువో తూర్పుకి. టాటా ప్లే వాడే 83 డిగ్రీల చోటు విశాఖ వాళ్లకి దాదాపు నిట్టనిలువు దక్షిణం, ఎందుకంటే విశాఖ కూడా ఆ రేఖాంశం మీదే ఉంది. ఎయిర్‌టెల్ వాడే 108 డిగ్రీలది తూర్పుకి బాగా జరిగి ఉంటుంది. డిష్ ముఖం ఎటు ఉందో చూసి "చెట్టు అడ్డం" అనుకోకండి, మన డిష్‌లు కనిపించేదానికన్నా బాగా పైకి చూస్తాయి. అయినా చెట్టు పెరుగుతుంది కదా, ఇవాళ తగలని కొమ్మ మూడేళ్లకి తగులుతుంది. ఎత్తులో, చేతికి అందేలా, గోడకి గట్టిగా బిగించమనండి. కోతులున్న ఊరైతే పిట్టగోడ మీద అసలు వద్దు.

రూటర్ హాల్లో ఉంది, బెడ్రూమ్ టీవీలో ఆగి ఆగి వస్తోంది.

వీలైతే టీవీకి లాన్ తీగ లాగించేయండి, ఆ సమస్య ఆ రోజుతో తీరిపోతుంది. కుదరకపోతే రూటర్‌ని నేల మీద నుంచి, ఇనప బీరువా వెనక నుంచి, అక్వేరియం పక్క నుంచి తీసి గోడ మీద పెట్టండి. వైఫైలో 5 గిగాహెర్ట్జ్‌ది వేగం ఎక్కువ, గోడలు దాటే ఓపిక తక్కువ. 2.4ది దానికి తిరగబడ్డ రకం.

## వాడుతున్నప్పుడు

వాన మొదలవగానే హెచ్‌డీ చానళ్లే ముందు పోతాయి, మామూలువి ఇంకాసేపు వస్తాయి. ఎందుకలా?

డీటీహెచ్ వాడేది కేయూ బ్యాండ్, ఆ తరంగాల్ని వాన చినుకులు మింగేస్తాయి. దట్టమైన మేఘం, జోరువాన ఉంటే సిగ్నల్ పడిపోతుంది. హెచ్‌డీని తక్కువ చోటులో ఎక్కువ సమాచారం కుక్కే పద్ధతిలో పంపుతారు, అది విప్పడానికి కాస్త గట్టి సిగ్నల్ కావాలి. పాత పద్ధతిలో వచ్చే మామూలు చానళ్లు బలహీనమైన సిగ్నల్‌తోనూ నెట్టుకొస్తాయి. అందుకని పది నిమిషాల కుండపోతకి పోతే ఫోన్ చేసి ఎవర్నీ తిట్టక్కర్లేదు. చిన్న తుంపరకే పోతుంటే మాత్రం డిష్ కాస్త పక్కకి జరిగి ఉంటుంది, లేదా కనెక్టర్‌లోకి నీళ్లు దిగి తుప్పు పట్టి ఉంటుంది. ఎండ ఉన్న రోజు బాక్స్‌లో సిగ్నల్ స్థాయి ఎంత ఉందో ఒకసారి రాసి పెట్టుకోండి, సర్వీసు అబ్బాయి "అంతా బాగానే ఉంది సార్" అన్నప్పుడు పనికొస్తుంది.

వాన లేదు, మబ్బు లేదు, మార్చిలో నాలుగైదు రోజులు మధ్యాహ్నం పూట కాసేపు పోయి దానంతటదే వస్తోంది?

అది సూర్యుడి పని. ఏడాదికి రెండుసార్లు, మార్చిలోనూ సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లోనూ, మన డిష్ నుంచి చూస్తే సూర్యుడు సరిగ్గా శాటిలైట్ వెనక్కి వస్తాడు. ఆ వేడి రొదలో చానల్ సిగ్నల్ కొట్టుకుపోతుంది. కొన్ని నిమిషాలే. మెకానిక్‌ని పిలిచి డబ్బులిచ్చుకోకండి, ఆయన వచ్చేసరికి ఎలాగూ బాగైపోతుంది, క్రెడిట్ ఆయనకి పోతుంది.

పక్కింట్లో సిక్స్ అని అరుస్తారు, మా టీవీలో బౌలర్ ఇంకా పరుగు మొదలుపెట్టలేదు. నెట్ స్పీడు పెంచితే పోతుందా?

పోదు. పక్కింటివాళ్లది డిష్, మీది యాప్ అయ్యుంటుంది. యాప్‌లో వీడియోని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి పంపుతారు, మీ టీవీ కొన్ని ముక్కలు ముందే పోగేసుకుని అప్పుడు చూపిస్తుంది, మధ్యలో ఆగకుండా ఉండాలని. ఆ పోగేసుకున్న సమయమే మీరు వెనకబడ్డ సమయం. డిష్‌లోనూ కొన్ని సెకన్ల ఆలస్యం ఉంటుంది గానీ ఇంత కాదు. 2023 నవంబరు 19న ప్రపంచ కప్ ఫైనల్ ఒక దశలో హాట్‌స్టార్‌లో ఒకేసారి 5.9 కోట్ల మంది చూశారు, అంతమందికీ విడివిడిగా కాపీలు పంపాలంటే ఎన్ని సర్వర్లు కావాలో ఊహించుకోండి. అదే మ్యాచ్‌కి శాటిలైట్ చేసిన పని రోజూ చేసేదే, ఒక్క చుక్క ఎక్కువ చెమట పట్టలేదు. క్రికెట్ పిచ్చి ఉన్న ఇంట్లో డిష్ ఉంచమని నేననేది ఇందుకే, టెన్షన్ ఉన్న ఆఖరి ఓవర్‌లో ఫలితం గోడ అవతల నుంచి తెలియడం ఎంత బాధో అనుభవించినవాళ్లకే తెలుసు.

## మానేద్దామనుకుంటే

డిష్ తీసేస్తే బాక్సు, గొడుగు అన్నీ చెత్తేనా?

బాక్సు ఆ కంపెనీకి తప్ప ఇంకోదానికి పనికిరాదు. అది మీ సొంతమా, కంపెనీ వాడుకోమని ఇచ్చిందా అన్నది మీరు సంతకం పెట్టిన కాగితంలో ఉంటుంది, పారేసే ముందు చూడండి. గొడుగు, దాని ముందున్న ఎల్‌ఎన్‌బీ (సిగ్నల్ పట్టే చిన్న డబ్బా), తీగ మాత్రం చాలావరకు వేరే కంపెనీకో ఫ్రీ డిష్‌కో తిప్పి వాడుకోవచ్చు. ఒకేసారి తీసేయకుండా ముందు ఒక నెల రీచార్జ్ చేయకుండా వదిలేసి చూడండి. పదో రోజుకి ఎవరూ అడగకపోతే మీ ఇంటికి డిష్ అక్కర్లేదన్నట్టే. మా ఇంట్లో మూడో రోజు సాయంత్రం ఏడింటికే అమ్మ అడిగేసింది.

నేను అమెరికాలో ఉన్నాను, అమ్మానాన్న ఊళ్లో ఉన్నారు. వాళ్లకి ఏది మంచిది?

రెండూ. నెట్ మీతో వీడియో కాల్ కోసం, డిష్ వాళ్ల టీవీ కోసం, కలపకండి. డిష్ రీచార్జ్ కంపెనీ యాప్‌లో మీరే అక్కణ్ణుంచి చేసేయొచ్చు, గడువు తేదీ మీ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి, ఎందుకంటే టీవీ ఆగిపోయినా వాళ్లు మీకు చెప్పరు, "పిల్లాడికి పనులుంటాయి" అని ఊరుకుంటారు. మీ మటుకు మీకు అక్కడ తెలుగు చానళ్ల కోసం గొడుగు బిగించే పని లేదు, స్లింగ్‌లోనో యప్ టీవీలోనో దొరుకుతాయి. కాకపోతే అమ్మ ఇక్కడ సీరియల్ చూసి మీకు ఫోన్ చేసి కథ చెప్పేసరికి అక్కడ మీకు తెల్లారి ఆఫీసు టైమవుతుంది.